హలాల్ సరే, తయ్యిబ్ సంగతేమిటి? – గర్భిణి ఆహారం

మన ఇళ్ళలోకి మాంసం వచ్చిందంటే ముందుగా వినిపించే ప్రశ్న ఒక్కటే: "జబహ్ ఎవరు చేశారు?" అల్‌హమ్దులిల్లాహ్, ఈ విషయంలో మన సమాజం ఎంతో జాగ్రత్తగా ఉంటుంది. బిస్కెట్టు పొట్లం వెనుక రాసిన చిన్న అక్షరాలు కూడా చదివి, అనుమానం ఉంటే పక్కన పెట్టేస్తారు. అయితే దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 168వ ఆయతులో అల్లాహ్ మానవులను తినమని ఆదేశించినప్పుడు హలాల్ అన్న మాటతో ఆగలేదు, దాని వెంటనే తయ్యిబ్ అన్న మాటను కూడా జోడించాడు. తయ్యిబ్ అంటే శుభ్రమైనది, మేలైనది, శరీరానికి హాని చేయనిది. మొదటి మాట గురించి మనం అడిగినంతగా రెండవ మాట గురించి అడగటం లేదు. ఒక కడుపులో రెండు ప్రాణాలు ఉన్నప్పుడు ఈ నిర్లక్ష్యం ఖరీదు చాలా ఎక్కువ. అందుకే ఈ నెల పాఠానికి గర్భిణి ఆహారాన్ని విషయంగా తీసుకున్నాము. ఇది ఆడవాళ్ళ సంగతి కదా అని సోదరులు పేజీ తిప్పేయకూడదని మా మనవి. మాటలో ఎక్కువ భాగం వారిని ఉద్దేశించినదే.

అది ఉపకారం కాదు, హక్కు

లుఖ్మాన్ సూరా 14వ ఆయతులో తల్లి బిడ్డను బలహీనతపై బలహీనతను భరిస్తూ మోస్తుందని అల్లాహ్ గుర్తు చేశాడు. వైద్యులు రక్తపరీక్ష చీటీలో అంకెలతో రాసేది కూడా ఈ బలహీనత గురించే. ఇక తలాఖ్ సూరా 6వ ఆయతును చూడండి. భర్త తలాఖ్ ఇచ్చిన స్త్రీ గర్భవతి అయితే, ప్రసవం అయ్యేవరకు ఆమె ఖర్చు భరించటం అతని బాధ్యత అని అక్కడ స్పష్టంగా చెప్పబడింది. ఇద్దరి మధ్య బంధం తెగిపోయింది, మనసులు విరిగిపోయాయి, అయినా ఆమె తిండి ఖర్చు అతని మీదనే ఉంది! విడిపోయిన స్త్రీకే ఇంతటి హక్కు ఉంటే, మన ఇంట్లోనే ఉండి, మన పొయ్యి దగ్గరే నిలబడి, అందరికీ వడ్డించి, చివరికి గిన్నె అడుగున మిగిలింది తినే భార్య హక్కు ఎంతటిదో ఆలోచించండి.

ఈ 'చివరికి తినటం' అనే ఆచారానికి షరీఅత్‌లో ఏ ఆధారమూ లేదు. మామగారు, మరుదులు, పిల్లలు, చుట్టాలు అందరూ లేచాక దస్తర్‌ఖాన్ మీద ఎముకలు, సాలన్‌లో నూనె మిగులుతాయి. ఆ సమయానికి ఆకలి కూడా చచ్చిపోతుంది. భర్త తన భార్య నోటికి అందించే ముద్దకు కూడా పుణ్యం ఉందని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు తెలియజేసిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఈ హదీసును పెళ్ళి ఖుత్బాలలో తరచుగా వింటాము. ఏడవ నెలలో ఉన్న భార్య పళ్ళెంలో మాంసం ముక్క ఉందో లేదో చూసేవారు మాత్రం అరుదు.

ఎంత తినాలి?

"ఇద్దరి కోసం తినాలి" అని కొందరు పెద్దమ్మలు రెట్టింపు అన్నం పెడతారు. మరికొందరు "బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం, తగ్గించు దుల్హన్" అంటారు. రెండూ సరైనవి కావు. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావలసినది సుమారు 350 క్యాలరీలు. మామూలుగా తినే దానికి తోడు ఒక రొట్టె, ఒక గిన్నె పప్పు, ఒక గ్లాసు పాలు. ఇంతే. అయితే మాంసకృత్తులు మాత్రం నెలలు నిండే కొద్దీ ఎక్కువ కావాలి. చివరి మూడు నెలల్లో రోజుకు 22 గ్రాములు అదనంగా అవసరమవుతాయని అదే సంస్థ చెబుతోంది. గుడ్డు, పప్పు, పాలు, పెరుగు, చేప, మాంసం, శనగలు – ఏది అందుబాటులో ఉంటే అది. తక్కువ తింటే కాన్పు సులువవుతుందన్న మాట మరీ ప్రమాదకరమైనది. బిడ్డ బరువు తక్కువగా పుడుతుంది, తల్లికి కాన్పు తట్టుకునే శక్తి ఉండదు.

తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వాలని నిర్ణయించారు. "మా కోడలు బయటికి వెళ్ళి నలుగురిలో కూర్చుని తినదు" అనే కుటుంబాలు మన బస్తీలలో ఉన్నాయి. పరదా ఆమెను తిండికి దూరం చేయటానికి రాలేదు. అత్తగారో, ఆడబిడ్డో తోడు వెళ్తే ఏ ఇబ్బందీ ఉండదు. అక్కడ పెట్టే పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలలో హలాల్ గురించి సందేహపడవలసిందీ లేదు.

రక్తం తక్కువైతే

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలలో కూడా సగానికి పైనే. హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత, 7 కన్నా తగ్గితే తీవ్రమైన స్థితి అని వైద్యులు లెక్కిస్తారు. ఇలాంటి తల్లికి కాన్పు సమయంలో కొద్దిగా ఎక్కువ రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగవ నెల నుంచి రోజుకు ఒకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలి. మన ఇళ్ళలో ఈ మాత్రలు తెచ్చుకోవటం జరుగుతుంది, అల్మారాలో పెట్టటమూ జరుగుతుంది. వేసుకోవటమే జరగదు. "కడుపులో తిప్పుతుంది, మలం నల్లగా వస్తుంది, బిడ్డ నల్లగా పుడుతుందట" అని సాకులు. మలం నల్లబడటం మాత్రలోని ఇనుము వల్ల, అందులో భయపడవలసింది లేదు. వికారం ఉంటే భోజనం చేసిన గంట తర్వాత, పడుకునే ముందు వేసుకోవచ్చు. టీతోగానీ, పాలతోగానీ, కాల్షియం మాత్రతోగానీ కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసం, ఉసిరి, జామ వంటివి తోడైతే బాగా పడుతుంది. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి.

ఫోలిక్ యాసిడ్ విషయంలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. బిడ్డ మెదడు, వెన్నుపాము రూపొందే పని గర్భం దాల్చిన మొదటి నాలుగు వారాలలోనే చాలావరకు పూర్తవుతుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. కాబట్టి సంతానం కోరుకునే దంపతులు ముందు నుంచే వైద్యురాలిని అడిగి, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర మొదలుపెట్టటం మంచిది.

కొందరు సోదరీమణులు "క్యాప్సూల్ పైపొరలో ఉండే జిలెటిన్ హలాలా కాదా?" అని మందు మానేస్తున్నారు. వారి భయభక్తులను మేము గౌరవిస్తాము. కానీ సందేహం ఉన్నంత మాత్రాన మందు మానేయనవసరం లేదు. అదే మందు మాత్ర రూపంలో, సిరప్ రూపంలో దొరుకుతుంది. వైద్యురాలితో ఒక్క మాట చెబితే మార్చి రాస్తుంది. వేరే దారి లేకపోతే చికిత్స అవసరం కోసం ఫిఖహ్‌లో సడలింపు ఉంది, స్థానిక ముఫ్తీని అడిగి తెలుసుకోండి. అడగకుండా మానేయటం మాత్రం తఖ్వా అనిపించుకోదు.

పేద ఇంట్లో ఐరన్ కోసం రోజూ మాంసం కావాలన్న నియమమేమీ లేదు. తోటకూర, మునగాకు, రాగిజావ, ఉలవలు, ఖట్టీ దాల్‌తో పాటు ఒక గుడ్డు – ఇవి కూడా అల్లాహ్ అనుగ్రహాలే. రక్తం పడుతుందని వారం వారం కలేజీ పెట్టేవారు మాత్రం ఒక విషయం గమనించాలి. కాలేయంలో ఇనుముతో పాటు విటమిన్-ఎ చాలా ఎక్కువ మోతాదులో ఉంటుంది. అతిగా చేరితే, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, బిడ్డ అవయవాలకు హాని కలగవచ్చు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య శాఖ గర్భిణులను కాలేయం పూర్తిగా మానమనే చెబుతోంది. మా సలహా కూడా అదే: ఈ కొద్ది నెలలు కలేజీ పక్కనపెట్టి మామూలు మాంసం తినటం మేలు.

మాంసం, పాలు, నీరు

సీక్ కబాబ్ లోపల ఎర్రగా ఉంటేనే మెత్తగా ఉంటుందని ఇష్టపడేవారున్నారు. గర్భిణికి అది వద్దు. సరిగా ఉడకని మాంసంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. తల్లికి చిన్న జ్వరంలా వచ్చిపోయే ఆ వ్యాధి కడుపులోని బిడ్డ కంటిచూపును, మెదడును దెబ్బతీయగలదు. లోపలి దాకా రంగు మారి, రసంలో ఎరుపు కనిపించనంతగా ఉడకాలి. గుడ్డు పచ్చసొన గట్టిపడాలి. బక్రీద్ రోజుల్లో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. ఖుర్బానీ మాంసం కోయటం, కడగటం, భాగాలు చేయటం అంతా కోడళ్ళ మీద పడుతుంది. పచ్చి మాంసం కోసిన కత్తితోనే ఉల్లిపాయ, కీరా కోసి సలాడ్‌లో వేస్తారు. కత్తి, పలక వేరుగా ఉండాలి, చేతులు సబ్బుతో కడగాలి. గర్భిణిని ఆ పని నుంచి తప్పిస్తే ఇంకా మంచిది.

ఇదే జీవి పిల్లి మలం ద్వారా కూడా వ్యాపిస్తుంది. పిల్లి నజిస్ కాదని, అది మన చుట్టూ తిరిగే జీవులలో ఒకటని హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఉల్లేఖించిన హదీసు ప్రసిద్ధమైనది. దాని ఆధారంగా ఒక సోదరి "మరి పిల్లి వల్ల వ్యాధి ఎలా వస్తుంది?" అని మాకు రాశారు. ఆ హదీసు పిల్లి ముట్టిన నీటి గురించి, వుజూ గురించి చెప్పబడింది. దాని మలం పరిశుద్ధమని ఎవరూ అనలేదు. ఇంట్లో పిల్లి ఉంటే ఉండనివ్వండి, అది గలీజు చేసిన చోటును మాత్రం మరొకరు శుభ్రం చేయాలి.

పచ్చిపాలు, కాచని పాలతో చేసిన జున్ను, పనీరు వద్దు. పాలు పొంగు వచ్చేవరకు కాయాలి. వీటిలో ఉండగల లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. గర్భస్రావానికి, బిడ్డ కడుపులోనే చనిపోవటానికి అది కారణం కాగలదు. ఫ్రిజ్‌లో పెట్టాము కదా అన్న ధీమా పనికిరాదు. వలీమాలో మధ్యాహ్నం దమ్ వేసిన బిర్యానీ సాయంత్రం డబ్బాలో ఇంటికి వస్తుంది, రాత్రికి గోరువెచ్చగా చేసుకుని తింటారు. వండినది రెండు గంటలకు మించి బయట ఉంటే గర్భిణికి పెట్టకండి. సహరీ కోసం దాచిన నిహారీ, పాయా ఏదైనా ఆవిర్లు వచ్చేలా మరిగించాకే ఇవ్వాలి. రాత్రిపూట పాత్రలపై మూతలు పెట్టమని, నిద్ర లేవగానే చేతులు కడగకుండా నీటి పాత్రలో ముంచవద్దని దైవప్రవక్త (సఅసం) పద్నాలుగు శతాబ్దాల క్రితమే బోధించారు. మనం చెప్పుకోవలసిన సున్నతులలో ఇవి కూడా ఉన్నాయి.

నీటి గురించి తేలికగా తీసుకోవద్దు. 2005లో హైదరాబాదులో హెపటైటిస్-ఇ కామెర్లు ప్రబలాయి. మురుగు కలిసిన తాగునీటి వల్ల వచ్చే వ్యాధి ఇది. ఇతరులకు కొన్ని వారాలలో తగ్గిపోయే ఈ కామెర్లు చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణులకు సోకితే, నూటికి 20 నుంచి 25 మంది వరకు ప్రాణాలు కోల్పోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాచి చల్లార్చిన నీరు ఇవ్వండి. బండి మీది గప్‌చుప్ నీళ్ళు, గోలా ఐసు ఈ తొమ్మిది నెలలూ మరచిపోవాలి.

చేప గురించి ఒక మాట

చేప మంచిదే. కవళ్ళు, నెత్తళ్ళు వంటి చిన్న చేపలు చవకవి, మేలైనవి కూడా. కానీ మన కోస్తాలో గర్భిణికీ, బాలింతకూ పాలు పడతాయని సొరపుట్టు వండి పెట్టే అలవాటు ఉంది. సొర పెద్ద చేప, చిన్న చేపలను తిని బతుకుతుంది. సముద్రంలోని పాదరసం వాటన్నిటి నుంచి దాని ఒంట్లోకి చేరి నిలిచిపోతుంది. అది బిడ్డ మెదడు ఎదుగుదలకు చేటు. సొర తినటం ధర్మసమ్మతమే, అందులో వివాదం లేదు. కానీ ఈ రోజుల్లో ఈ స్థితిలో అది తయ్యిబ్ కాదు. పాల కోసమైతే చిన్న సొర పిల్లతో కాకుండా కవళ్ళతో పులుసు పెట్టండి.

బొప్పాయి, కుంకుమపువ్వు, ఖర్జూరం

'గరమ్' అన్న ఒక్క మాటతో గుడ్డు, నువ్వులు, బెల్లం, బొప్పాయి, చేప అన్నిటినీ గర్భిణి ముందు నుంచి లాగేస్తారు. ఇక తినటానికి మిగిలేది చారు అన్నమే. పచ్చి బొప్పాయిలోని పాలు గర్భసంచిని కదిలించే అవకాశం ఉంది గనుక అది మానటం మంచిదే. బాగా పండిన బొప్పాయి మామూలుగా తింటే హాని లేదు. గుడ్డు, నువ్వులు, బెల్లం వంటలో వేసే మోతాదులో తినవచ్చు. కలోంజీ కూడా అంతే. దాని మేలు గురించి హదీసు ఉంది, అందులో మాకు సందేహం లేదు. అంతమాత్రాన నూనె సీసాలు కొని గర్భంతో ఉన్న అమ్మాయికి చెంచాలతో తాగించమని ఎవరూ చెప్పలేదు.

బిడ్డ తెల్లగా పుట్టాలని పాలలో జాఫ్రాన్ వేసి ఇవ్వటం మన ఇళ్ళలో వేరూనింది. రెండు పోగులు వేస్తే రుచి వస్తుంది తప్ప రంగు రాదు. రోమ్ సూరా 22వ ఆయతులో మనుషుల భాషల, రంగుల వైవిధ్యాన్ని అల్లాహ్ తన సూచనలలో ఒకటిగా పేర్కొన్నాడు. ఆ సూచనను జాఫ్రాన్‌తో కడిగేయాలన్న తపన దేనికి? వేలు పోసి కొనే ఆ డబ్బుతో నెల పొడుగునా గుడ్లు, పాలు వస్తాయి. ఇక చీనీ పళ్ళెం మీద నక్ష్ రాసి, కడిగిన నీళ్ళు తాగించేవారు ఈ రోజుల్లో బజారు సిరా, రంగులు వాడుతున్నారు. ఆ రసాయనాలు తాగటానికి తయారైనవి కావు. ఖుర్ఆన్ పారాయణం చేయండి, దుఆ చేయండి, సిరా మాత్రం తాగించకండి.

మర్యమ్ (అలై) ఒంటరిగా పురిటి నొప్పులు పడుతూ ఖర్జూరపు మాను దగ్గరికి చేరినప్పుడు ఆమెకు ముందు నీటి ఊట, తాజా ఖర్జూరాలు అందించబడ్డాయి. లోకుల నిందకు ఏమని జవాబివ్వాలన్న మాట ఆ తర్వాతే వచ్చింది. మర్యమ్ సూరా 23 నుంచి 26 వరకు ఆయతులు చదివి చూడండి. 2011లో ప్రచురితమైన ఒక జోర్డాన్ పరిశోధనలో, చివరి నాలుగు వారాలు రోజుకు ఆరు ఖర్జూరాలు తిన్న 69 మంది స్త్రీలకు నొప్పులు సహజంగా మొదలవటం ఎక్కువగా కనిపించింది. ఇది చిన్న పరిశోధన. ఖుర్ఆన్ సత్యానికి దీని సాక్ష్యం అవసరం లేదు, ఖర్జూరం తింటే ఆపరేషన్ తప్పుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. గర్భంలో షుగర్ ఉన్నట్టు తేలినవారు వైద్యురాలిని అడగకుండా ఆరు కాదు, మూడు కూడా తినకూడదు.

పాన్, జర్దా, ఖిమామ్ గురించి ఎక్కువ రాయనవసరం లేదు. వికారానికి మంచిదని నానమ్మలే చుట్టి ఇస్తారు. పొగాకు ఏ రూపంలో ఉన్నా బిడ్డ బరువు తగ్గటానికి, నెలలు నిండకుండా పుట్టటానికి కారణమవుతుంది. గుట్కా, పళ్ళకు రుద్దే గుల్ కూడా అందులోవే. వికారానికి అల్లం ముక్క, నిమ్మకాయ చాలు. టీ రోజుకు రెండు చిన్న కప్పులకు మించకుండా, భోజనానికి గంట ముందు, గంట తర్వాత తాగకుండా ఉండాలి. బలపాలు, సుద్ద, పచ్చి బియ్యం తినాలన్న కోరిక పుడితే తిట్టకండి, దాచుకుని తింటుంది. అది తరచుగా రక్తహీనత లక్షణం. పరీక్షకు తీసుకెళ్ళండి.

రమజాన్ ఉపవాసాలు

ప్రయాణికునితో పాటు గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ ఉపవాసం విషయంలో అల్లాహ్ సడలింపు ఇచ్చాడని హజ్రత్ అనస్ బిన్ మాలిక్ కఅబీ (రజి) ఉల్లేఖించిన హదీసు తిర్మిజీ, అబూ దావూద్, నసాయీలలో ఉంది. తనకు లేక బిడ్డకు హాని కలుగుతుందన్న బలమైన భయం ఉంటే గర్భిణి ఉపవాసం విడిచిపెట్టవచ్చు. ఆ భయం ఊహ కాకూడదు. గత అనుభవం, కనిపించే లక్షణాలు, నమ్మకమైన వైద్యురాలి మాట – వీటిలో ఏదో ఒకటి ఆధారంగా ఉండాలి. అన్నీ సవ్యంగా ఉండి, వైద్యురాలు సరేనంటే ఉపవాసం ఉండవచ్చు. రక్తం బాగా తక్కువగా ఉన్నవారు, షుగర్‌కు ఇన్సులిన్ తీసుకుంటున్నవారు, రక్తపోటు ఉన్నవారు, బిడ్డ ఎదుగుదల తగ్గిందని చెప్పబడినవారు ఉండకపోవటమే సరైనది.

ఉపవాసంలో ఉండగా కళ్ళు తిరిగినా, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా, కడుపునొప్పి, రక్తస్రావం కనిపించినా వెంటనే విరమించి ఆసుపత్రికి వెళ్ళాలి. ఇఫ్తార్‌కు ఇంకా గంటే ఉంది కదా అని ఆగకూడదు. ఇలాంటి కారణంతో విరమిస్తే కఫ్ఫారా ఉండదు, ఆ ఒక్క రోజు ఖజా చేస్తే చాలు. "మేము పదిమందిని కన్నాము, ఒక్క రోజా కూడా విడవలేదు" అని సూటిపోటి మాటలనే అత్తలు, అల్లాహ్ ఇచ్చిన సడలింపును తాము లాక్కుంటున్నామన్న సంగతి తెలుసుకోవాలి.

హనఫీ ఫిఖహ్ ప్రకారం విడిచిన ఉపవాసాలకు ఖజా మాత్రమే ఉంది, ఫిద్యా లేదు. షాఫయీ ఫిఖహ్‌లో కేవలం బిడ్డ కోసం భయపడి విడిస్తే ఖజాతో పాటు రోజుకొక పేదకు ఫిద్యా కూడా ఇవ్వాలి. హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ మూలాల కుటుంబాలు చాలావరకు ఈ ఫిఖహ్‌నే అనుసరిస్తాయి. ఇబ్నె అబ్బాస్, ఇబ్నె ఉమర్ (రజి)ల నుంచి ఫిద్యా మాట కూడా ఉల్లేఖించబడింది. ఎవరు తమ ఆలిములను ఎలా అనుసరిస్తారో అలా చేయవచ్చు.

వరుసగా గర్భం, పాలివ్వటం, మళ్ళీ గర్భం – ఇలా అరవై, తొంభై ఉపవాసాలు పేరుకుపోయి బెంగపడే సోదరీమణులు ఎందరో మాకు రాస్తుంటారు. ఖజా ఉపవాసాలు వరుసగా ఉండవలసిన పని లేదు. వారానికి ఒకటి చొప్పున ఉన్నా సంవత్సరానికి యాభై పూర్తవుతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో మన ప్రాంతంలో పగలు సుమారు పదకొండు గంటలే ఉంటుంది, అప్పుడు సులువు. రమజాన్ కూడా ప్రతి ఏడూ పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి రానుంది. అంతవరకు ఎన్ని విడిచారో, ఎన్ని తీర్చారో ఒక నోటు పుస్తకంలో తేదీలతో రాసుకోండి. ఆ పుస్తకం ఎక్కడుందో భర్తకు కూడా తెలిసి ఉండాలి.